కొండకు అవతలి రెండు గీతలు

పోతులయ్యను మొదటిసారి చూసిన రోజు ఆయన మీద నాకు ఒళ్లు మండింది. అది 2005 ఫిబ్రవరి. పెనుకొండకు పది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఎర్రమిట్టపల్లిలోకి మా లారీ వచ్చి ఆగింది. మామూలు లారీ కాదు. దాని మీద నిలువునా పైకి లేచే ఇనప స్తంభం, స్తంభం చివర యాంటెనాలు, వెనక డబ్బాలో మిషన్లు, జనరేటరు ఉంటాయి. సెల్‌ఫోను కంపెనీ వాళ్లు శాశ్వతంగా టవరు కట్టే ముందు, ఫలానా చోట కడితే ఎంతదూరం పలుకుతుందో చూసుకోవడానికి ఇలాంటి లారీని ఊరూరా తిప్పుతారు. ఆ తిప్పే పనిని కాంట్రాక్టుకు తీసుకున్నవాళ్ల దగ్గర నేను టెస్టింగు ఇంజనీరును. ఇంజనీరంటే పెద్దగా ఊహించుకోకండి. హిందూపురంలో డిప్లొమా అత్తెసరు మార్కులతో గట్టెక్కినవాణ్ణి. పట్టుగూళ్ల మార్కెట్లో తూకాలు వేసే మా నాయన "మావోడు ఇనప చెట్లు నాటతాడప్పా" అని అందరికీ చెప్పి నవ్వుకునేవాడు.

లారీని పంచాయతీ ఆఫీసు ముందర నిలబెట్టమన్నాను. చుట్టూ మూగిన జనంలోంచి ఒక సన్నటి మనిషి నింపాదిగా ముందుకొచ్చాడు. యాభై అయిదేళ్లుంటాయి. నెరిసిన మీసం, చొక్కా జేబులో పెన్ను.

"ఈడొద్దు సార్" అన్నాడు. "ఈడ నిలబెడితే పడమటి వీధికి సగమే పోతాది. ఆ నీళ్ల ట్యాంకు పక్కన మిట్ట ఉండాది చూడండి, ఆడ నిలబెట్టల్ల."

"నీకేం తెల్సప్పా? ఇది రేడియో తరంగం" అని కసిరాను.

"తరంగమో గిరంగమో నాకు తెల్దు సార్. ముప్పై మూడేండ్లు ఈ ఊర్లో తప్పెట కొట్టినా. యాడ నిలబడి కొడితే యాడిదాకా పోతాదో తెల్సు."

నా పంతం నాది. మధ్యాహ్నం దాకా పంచాయతీ ఆఫీసు ముందరే పెట్టి కొలిచాను. పడమటి వీధికి సగమే పోయింది. నోరు మూసుకుని లారీని మిట్ట మీదికి ఎక్కించాం. ఆయన "నేను చెప్పలేదా" అని ఒక్క మాట అనుంటే నాలుగు తిట్టి తేలికపడేవాణ్ణి. ఏమీ అనకుండా చెంబుతో మంచినీళ్లు తెచ్చిచ్చాడు. దాంతో కోపం ఇంకాస్త పెరిగింది.

ఆ తరవాత ఎనిమిది రోజులు ఆయన మా వెంటే ఉన్నాడు. తోవలో మాటల మధ్య ఆయన సంగతులు ఒక్కొక్కటే తెలిశాయి. పోతులయ్య తండ్రి ఆ ఊళ్లో చాటింపు వేసేవాడు. ఆయన పోయాక ఇరవై ఏళ్ల వయసులో తప్పెట ఇతని భుజానికొచ్చింది. కిరసనాయిలు వచ్చిందనీ, రేపు పోలియో చుక్కలనీ, తప్పిపోయిన గొర్రెల ఆచూకీ చెప్పమనీ, ఓట్లనీ, శిస్తులనీ ఊరికి ఏ కబురు చేరాలన్నా పోతులయ్య నోటి నుంచే. అందుకు కూలిగా కళ్లాల దగ్గర గింజలు పెట్టేవాళ్లు. అక్షరాస్యత తరగతులు పెట్టిన రోజుల్లో ఆయన ఆరు నెలలు వెళ్లి సంతకం మాత్రం నేర్చుకున్నాడు. జేబులో పెన్ను ఆనాటిది.

ఆ ఊళ్లో చాటింపుకు ఒక కట్టుబాటు ఉండేది. తప్పెటాయన వీధి మొదట్లో నిలబడి కబురు చెబుతాడు. ఆ వీధి చివరింట్లో నుంచి ఎవరో ఒకరు "ఇన్నాంలేప్పా" అని తిరిగి కేకెయ్యాలి. ఆ కేక వచ్చిందాకా ఆయన అక్కణ్ణించి కదలకూడదు. రేపు ఎవరైనా "మాకు తెలీదు" అంటే తప్పు చాటింపు వేసినవాడిదే. ఒకసారి చివరింటి కొత్త కోడలు సిగ్గుపడి పలకలేదట. పోతులయ్య గంటసేపు అదే కబురు చెబుతూ నిలబడ్డాడట. కడకు అత్తగారే బయటికొచ్చి "ఇన్నాంరా సామీ, మా చెవులు తూట్లు పడినాయి" అని దండం పెట్టిందట.

ఆ పని రెండేళ్ల కిందట పోయింది. పంచాయతీ వాళ్లు మైకుసెట్టు కొన్నారు. ఆటోకు కట్టి, క్యాసెట్టు వేసి, ఊరంతా ఒక చుట్టు తిప్పి పోతున్నారు. విన్నారా లేదా అని ఆటో ఎవరినీ అడగదు. పోతులయ్య కూలికి పోతున్నాడు గానీ ఆ వయసులో వేరుశనగ పీకడం నడుముకు చేతకావడం లేదు. అలాంటప్పుడు మేం వచ్చాం. ఎర్రమిట్టపల్లిలో టవరు పడితే దానికి కావలివాడు కావాలి. టవరు ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి మనిషినే పెట్టుకుంటారు. ఖాకీ బట్టలు, టార్చిలైటు, నెలనెలా జీతం. మొదటిరోజు నీళ్లు తాగిన పాపానికి "నీకే ఇప్పిస్తాలే" అని మాటిచ్చేశాను. అంతే, ఆయన భార్య నీలావతి ఊరంతా చెప్పేసింది. ఇంట్లో ఖాకీ చొక్కా తగిలించడానికి గోడకు కొత్త మేకు కూడా కొట్టింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, టవరు ఇంకా కాగితం మీదికే రాలేదు.

ఇక్కడ మా కష్టం కూడా కొంచెం చెప్పుకోవాలి. గాలిలో ఫోన్లు పలికే దారులుంటాయి. వాటిని బ్యాండ్లంటారు. ఒక్కో దారిని సర్కారు ఒక్కో కంపెనీకి రాసిస్తుంది. ముందొచ్చిన కంపెనీలకు తొమ్మిది వందల మెగాహెర్ట్జ్ బ్యాండు దక్కింది. అది కాస్త మొరటు తరంగం. కొండ అడ్డొచ్చినా అంచుల మీదుగా వంగి అవతలికి ఎంతో కొంత దిగుతుంది. మా కంపెనీ బంతి లేచిపోయాక వచ్చిన చుట్టం. దానికి మిగిలింది పద్దెనిమిది వందల బ్యాండు. పట్నాల్లో అది బంగారం. ధర్మవరంలో టవర్లు పెట్టినప్పుడు నాకు పెళ్లివారి మర్యాద జరిగింది, మగ్గం గుంటలో కూర్చున్నవాడికి కూడా ఫోను పలికింది. కొండల్లోకి వచ్చేసరికి దాని పొగరు దిగిపోతుంది. సూటిగా పోతుంది, రాయి తగిలితే ఆగుతుంది. అప్పటికే హైదరాబాదు ఆఫీసులో మూడో తరం ఫోన్లనీ, ఇరవై ఒక్క వందల బ్యాండనీ, ఫోన్లో మనిషి బొమ్మ కనబడుతుందనీ మీటింగులు పెడుతున్నారు. ఇక్కడ మా రెండో తరం పెనుకొండ పక్కన ఒక గుట్ట దాటలేక చతికిలబడింది.

ఇదంతా పోతులయ్యకు ఒక మధ్యాహ్నం వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ చెప్పాను. నాలుగు రోజుల ట్రైనింగులో నాకు సగమే ఎక్కిన పాఠం ఆయనకు వెంటనే ఎక్కింది.

"అంతే గద సార్. తప్పెట మోత కొండ దాటుతాది, మాట దాటదు. అవతల బోడిబండోల్లకు మోత ఇనపడ్తాది, ఏందో చాటతాండారని తెలుస్తాది. ఏందనేది తెల్దు. అందుకే ఈడ చాటింపు అయిపోతానే నేను కొండెక్కి పోయి ఆ ముప్పై ఇండ్లకూ నోటితో చెప్పొస్తాంటి."

"దానికి వేరే గింజలు పెడతాండ్రా?"

"ఎవురు పెడ్తారు? ఆ పల్లె ఈ పంచాయతీ కిందికే వస్తాది గద. చెప్పేది నా పని."

బోడిబండ కొండకు సరిగ్గా అవతల ఉంది. గొర్రెలు మేపుకునే ముప్పై ఇళ్లు, రోడ్డు లేదు. మా ఫారంలో అది ఆఖరి పేరు. 'సిగ్నలు ఉందా, లేదా' అని ఎదురుగా రెండు గళ్లు. కింద నా సంతకం, పక్కన స్థానికుల తరఫున సాక్షి సంతకం. అన్ని ఊళ్లకూ 'ఉంది' పడితే ఎర్రమిట్టపల్లి టవరు ఖాయం.

తొమ్మిదో రోజు పొద్దున్నే ఇద్దరం కొండెక్కాం. నేను నాలుగుసార్లు కూర్చున్నాను, ఆయన ఒక్కసారీ కూర్చోలేదు. అవతలికి దిగి బోడిబండ మొదటి ఇంటి దగ్గర టెస్టు ఫోను తీశాను. తెర మీద రెండు గీతలు! నా ప్రాణం లేచొచ్చింది. ఫారం తీసి 'ఉంది' దగ్గర టిక్కు కొట్టి సంతకం పెట్టేశాను. పెన్ను ఆయన చేతికివ్వబోయాను.

"ఉండండి సార్" అన్నాడు పోతులయ్య. "ఆ గీతలు ఏం చెప్తాండాయి?"

"మన లారీ కేక ఇక్కడిదాకా వస్తాందని."

"మన కేక ఆడిదాకా పోతాందా?"

ఈయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు. విసుక్కుంటూనే లారీలో ఉన్న మా ఆపరేటరు కిషోర్‌కు ఫోను కలిపాను. రెండుసార్లు కలవలేదు. మూడోసారి కలిసింది. పోతులయ్య కూడా వినాలని మధ్యలో పట్టుకున్నాను. కిషోర్ గొంతు గంట కొట్టినట్టు వినబడింది.

"హలో... హలో... ఎవురు?"

"నేనప్పా, వెంకటేశులు. బోడిబండ నుంచి."

"హలో... ఎవురూ మాట్లాడరేం? ఓ, మా సారే అయ్యుంటాడు."

"నేనే కిషోర్! ఇనపడ్తాందా?" అని అరిచాను. పక్కనున్న గొర్రెలు బెదిరాయి.

లారీలో ఇంకెవరో ఏదో అడిగినట్టున్నారు. కిషోర్ వాళ్లతో తీరిగ్గా చెప్పడం మొదలుపెట్టాడు. "ఏం లేదన్నా, మా ఎంకటేశులు సారు. అర్ధం కొండెక్కి ఆయాసంతో యాడో చెట్టు కింద పండుకొనుంటాడు. జేబులో ఫోను నొక్కుకొనుంటాది. డిప్లొమా నాలుగుసార్లు రాసినాడంట. ఆ తప్పెటాయనే నయం, ఆయనకున్న తెలివిలో సగం ఉన్నా మేం ఈ పాటికి ఇంటికి పోయింటాం..."

లైను తెగింది. నా మొహం ఎలా ఉందో తెలియదు గానీ, పోతులయ్య మాత్రం మర్యాదగా వెనక్కి తిరిగి గొర్రెలను చూస్తున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడు. కడకు నాకూ నవ్వాగలేదు. డిప్లొమా నిజానికి మూడుసార్లే రాశాను.

నవ్వడం అయిపోయాక అసలు సంగతి మిగిలింది. లారీ మీద మిషను పెద్ద నోరున్నది, దాని కేక కొండ మీదుగా అరాకొరా ఇక్కడికి దిగుతోంది. చేతిలో ఫోనుకు అంత నోరెక్కడిది? మూడుసార్లు నొక్కితే ఒకసారి గంట మోగించగలిగింది గానీ, దాని మాట కొండ దగ్గరే ఆగిపోతోంది. ఆ రెండు గీతలు చూసి ఎవరైనా ఫోను కొనుక్కుంటే, అవతలివాళ్ల 'హలో హలో' వింటూ కూర్చోవలసిందే.

నేను ఆయనతో దాచకుండా చెప్పాను. ఎందుకంటే ఆశపెట్టింది నేనే. "చూడు పోతులయ్యా. ఇది 'లేదు' అని రాస్తే హైదరాబాదులో మ్యాపు మార్చేస్తారు. టవరు కొండ మీద కనమ దారి దగ్గరికి పోతాది. ఆడినుంచి రెండు పక్కలా పలుకుతాది. కానీ ఆ చోటు బోడిబండది. కావలి పని ఆ పల్లెలో ఎవరికో పోతాది. 'ఉంది' అని ఉంచేస్తే ఉద్యోగం నీదే. గీతలు రెండు కనపడ్తానే ఉండాయి, నేను రాసింది అబద్ధం కూడా కాదు. ఈ ముప్పై ఇండ్లోల్లు ఎవర్నొచ్చి అడుగుతారు?"

ఆయన బండ మీద కూర్చున్నాడు. ఆ రోజు మొదటిసారి కూర్చోవడం అదే. ముఖంలో ఆశ ఎంత స్పష్టంగా కనబడిందో, చూడటానికి నాకే బాధేసింది.

"ఆ పని నాకు కావల్ల సార్" అన్నాడు కడకు. "శానా కావల్ల. నీలావతి మేకు కొట్టేసింది. కానీ మోతను మాట అని నేనెట్ల చెప్పేది? నాకు వచ్చింది ఒగటే సంతకం. అది పెట్టను. మీరు పెట్టుకుంటే మీ ఇష్టం."

నాకు మళ్లీ ఒళ్లు మండింది. ఈసారి ఆయన మీద కాదు. పది క్లాసులూ డిప్లొమా చదివిన నా సంతకం ఆ కాగితం మీద అప్పటికే పడి ఉంది, తడి కూడా ఆరింది. ఫారం చింపి ఇంకోటి తీసి 'లేదు' అని రాశాను. ఆయన పక్కన కూర్చుని, నాలుక కొస బయటపెట్టి, ఒక్కో అక్షరం దిద్ది సంతకం చేశాడు.

సాయంత్రం ఆయన ఇంట్లో జరిగిన ముచ్చట నేను జన్మలో మరిచిపోను. విషయం విని నీలావతి చేతిలోని చేట కింద పెట్టేసింది. "ఒక గీత గీసి రానీకి నీకేం రోగమొచ్చింది? ఊరంతా చెప్పుకున్నా, ఇప్పుడు ఏ మొగం పెట్టుకొని బోరింగు కాడికి పోయేది?" అని మొదలుపెట్టి అరగంట దులిపింది. నాకు రాగిసంగటి, శనక్కాయల ఊరుబిండి పచ్చడి పెట్టింది. ఆయనకు పెట్టలేదు. ఆయన గోడకు చేరగిలబడి బుద్ధిగా తిట్లు తిన్నాడు. నేను రెండో ముద్ద తినేసరికి ఆమె గొంతు తగ్గింది. నా ముద్దకంటే పెద్ద ముద్ద ఆయన పళ్లెంలో వేసి, "ఆ బోడిబండోల్లు మాత్రం మనుసులు కాదా, తిను" అంది.

హైదరాబాదులో మా మ్యాపులు చూసే అరుణ మేడం టెస్టు ఫోను లెక్కలు చూసి ఫోనులో నన్ను గట్టిగానే అడిగింది. "రెండు గీతలుంటే 'లేదు' అని ఎలా రాశారు?" జరిగింది చెప్పాను, కిషోర్ తిట్లతో సహా. ఆవిడ నవ్వి, "అయితే మిగతా ఊళ్లలో కూడా గీతలు చూసే రాశారా?" అంది. చూసే రాశానని ఒప్పుకున్నాను. వారం పాటు మళ్లీ అన్ని పల్లెలూ తిరిగాం. పోతులయ్య కూడా వచ్చాడు, ఉద్యోగం లేదని తెలిసినా వచ్చాడు. ఇంకో రెండు పల్లెల్లో 'ఉంది'ని 'లేదు' చేయవలసి వచ్చింది.

టవరు కనమకు మారింది. ఏప్రిల్లో స్థలం ఒప్పందానికి కంపెనీ తరఫున తిరుపాల్ అనే ఆఫీసరు వచ్చాడు. నేను దారి చూపించడానికి వెళ్లాను. కనమ దగ్గర రాళ్ల చేను గంగులమ్మది. డెబ్భై ఏళ్ల మనిషి, నలభై గొర్రెలు, చేతిలో ఎప్పుడూ ఒక కట్టె. తిరుపాల్ అద్దె గురించి, గడువు గురించి చదివి వినిపిస్తుంటే ఆమె కట్టెతో నేల మీద తట్టింది.

"అదంతా సరేప్పా. కావలికి ఎవుర్ని పెడ్తారు?"

"మీ పల్లెలోనే ఎవరినైనా మీరు చెప్పండవ్వా."

"ఎర్రమిట్టపల్లి పోతులయ్యను పెట్టండి."

తిరుపాల్ కాగితాలు తిప్పాడు. "కావలి మనిషి టవరుకు ఒక కిలోమీటరు లోపల ఉండాలని రూలుంది అవ్వా. ఆయన రెండు మైళ్ల అవతల ఉంటాడు."

"ఆ రూలు రాసినాయప్ప యాడుంటాడు?"

"హైదరాబాదులో."

"ఆయప్ప అంత దూరం నుంచి మా కొండను చూసుకోవచ్చునంట, ఈయప్ప రెండు మైళ్ల నుంచి చూసుకోగూడదంటనా?"

తిరుపాల్ నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. ఆయన మెల్లగా, "మీ వాళ్లకు దక్కే ఉద్యోగాన్ని వేరే ఊరాయనకు ఎందుకిస్తారవ్వా?" అని అడిగాడు.

గంగులమ్మ ఆయన్ని చిన్నపిల్లాణ్ణి చూసినట్టు చూసింది. "ఉన్నమాట చెప్తే తన కూడు పోతాదని తెల్సీ చెప్పినాడంట, ఆ ఊరోల్లే చెప్పుకుంటాండారు గదప్పా. కావలికి అట్లాంటోన్ని కాకపోతే ఇంగెవున్ని పెట్టుకుంటారు మీరు?"

ఆ మాట నాకు సూటిగా తగిలింది. చింపేసిన ఫారం సంగతి నాకూ పోతులయ్యకూ తప్ప ఆ ఊళ్లలో ఎవరికీ తెలియదు. ఆయన ఎవరికీ చెప్పనూ లేదు. తిరుపాల్ పెన్ను తీసి, కిలోమీటరు దగ్గర 'ఒక' కొట్టేసి నాలుగు అని రాశాడు. గంగులమ్మ వేలిముద్ర వేసింది.

ఆగస్టులో టవరు ఆన్ చేశారు. కంపెనీ వాళ్లు బోడిబండకు ఒక ఫోను, ఎర్రమిట్టపల్లి శెట్టి అంగడికి ఒక ఫోను ఇచ్చి, ఆ రోజంతా ఎవరైనా ఊరికే మాట్లాడుకోవచ్చన్నారు. బోడిబండలో పోతులయ్య ఖాకీ బట్టల్లో ఉన్నాడు. చొక్కా రెండు సైజులు పెద్దది, టోపీ చెవుల మీదికి జారుతోంది. పల్లె మొత్తాన్నీ వరసలో నిలబెట్టి, గొర్రెల్ని మాత్రం అదిలించలేక అవస్థ పడుతున్నాడు. మొదటి ఫోను గంగులమ్మకే ఇచ్చారు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవురితో మాట్లాడల్ల?" అంది. ఆమెకు కొండ అవతల చుట్టాలెవరూ లేరు. కాసేపు ఆలోచించి "నీలావతిని పిలవండి" అంది. శెట్టి అంగడి నుంచి మనిషి పోయి నీలావతిని పిలుచుకొచ్చాడు. కొత్త ఫోను కదా, స్పీకరు వేసి మధ్యలో పెట్టారు.

"నీలావతీ, నేను బోడిబండ గంగులమ్మను. నీ మొగుడు ఈడనే ఉండాడు. ఎండలో దిగి పొయ్యి మల్ల ఎక్కి రావాల్నంటే కష్టం. పగటి పూట సంగటి మేమే పెడ్తాం. నువ్వేం బెంగ పెట్టుకోవద్దు."

ఒక్క క్షణం అవతలి నుంచి ఏమీ రాలేదు. కిషోర్ కూడా వచ్చి మా పక్కన నిలబడ్డాడు. పలకాలి, ఈ ఒక్కసారి పలకాలి అనుకుంటూ నేను ఫోను మీదికి వంగాను. అప్పుడు కొండకు అవతల శెట్టి అంగట్లో నిలబడ్డ నీలావతి గొంతు మా మధ్యకొచ్చింది.

"పెట్టండవ్వా. ఉప్పు మాత్రం తక్కువెయ్యండి, ఆయప్పకు బీపీ ఉండాది. అడిగితే లేదంటాడు. అబద్ధం ఆ ఒగటే చెప్తాడు."

వరసలో ఉన్న ముప్పై ఇళ్లవాళ్లూ ఒక్కసారి గొల్లున నవ్వారు. పోతులయ్య తల వంచుకుని, చెవుల మీద జారిన టోపీని సరిచేసుకోవడం మొదలుపెట్టాడు. ఆ టోపీ ఎంతకీ సరికాలేదు.